సముద్ర ఛాయాగ్రహణ వృత్తి: పెన్నా లోయ నుంచి కెరటం దాకా

నిర్వచనం, పరిధి

సముద్రాన్ని, తీరాన్ని, కెరటాలను, నీటిలోని జీవరాశిని, నీటిపై ఆధారపడిన మనుషుల పనిపాటలను, ఆటలను చిత్రించే ఫోటోగ్రఫీ శాఖను సముద్ర ఛాయాగ్రహణం అంటారు. పలక మీద నిలబడి కెరటంతో పాటు జారే సర్ఫింగ్ క్రీడను చిత్రించడం ఇందులో ఒక ఉపశాఖ. దీన్ని సర్ఫ్ ఫోటోగ్రఫీ అంటారు. గట్టు మీద నుంచి దూరపు లెన్స్‌తో తీసేది, పడవ మీద నుంచి తీసేది, నీళ్లలోకి దిగి కెరటం కింద నుంచి తీసేది, డ్రోన్‌తో పైనుంచి తీసేది అని పని నాలుగు తీరులుగా ఉంటుంది.

సర్ఫింగ్ ఫోటోలతోనే బతికేవారు ప్రపంచంలో ఎక్కడైనా కొద్దిమందే. మిగిలినవారంతా పత్రికల పని, ప్రకటనల పని, పెళ్లిళ్లు, పర్యాటకం, ప్రింట్ల అమ్మకం, శిక్షణ వంటి అనేక దారుల్లో సంపాదిస్తూ అందులోంచే సముద్రానికి సమయం మిగుల్చుకుంటారు. అందువల్ల ఈ వృత్తిని గురించి చెప్పడమంటే ఆ అనేక దారులను గురించి చెప్పడమే.

కడప జిల్లాకు సముద్రతీరం లేదు. అయితే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణాలు పెన్నా ఒడ్డున ఉన్నాయి. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే ఈ నది నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. గండికోట లోయలో నీటిని గమనించడం నేర్చిన ఫోటోగ్రాఫర్‌కు సముద్రం కొత్త విద్యేమీ కాదు, ఉన్న విద్యకు కొనసాగింపు. ఈ వ్యాసం ఆ దారిని అనుసరిస్తుంది.

ప్రపంచ చరిత్ర

నీటి అడుగున ఫోటో తీయడానికి తొలి గట్టి ప్రయత్నాల్లో ఒకటి 1893లో జరిగింది. ఫ్రెంచి జీవశాస్త్రజ్ఞుడు లూయీ బూటాన్ దక్షిణ ఫ్రాన్స్‌లోని బాన్యుల్స్ తీరంలో ఆ ప్రయోగాలు చేశాడు. సర్ఫింగ్ ఫోటోలకు పుట్టిల్లు హవాయి. 1910లలో అక్కడ ఎ. ఆర్. గర్రీ తీసిన చిత్రాలు ఈ క్రీడకు తొలి కళాత్మక రూపాలుగా నిలిచాయి. 1930 ప్రాంతంలో అమెరికన్ సర్ఫర్ టామ్ బ్లేక్ కెమెరాకు నీరు చొరని పెట్టె తయారు చేసుకుని పలక మీద నుంచే ఫోటోలు తీశాడు. వాటిని 1935లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ప్రచురించింది. అంతవరకు ఒడ్డున నిలబడి చూసిన కెరటాన్ని పాఠకుడు మొదటిసారి దాని ఎత్తులోనే ఎదురుగా చూశాడు.

ఫ్రెంచి సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో బృందం కోసం రూపొందిన కాలిప్సో కెమెరా ఆధారంగా నికాన్ సంస్థ 1963లో నికోనాస్ కెమెరాను తెచ్చింది. విడిగా పెట్టె అవసరం లేకుండా నేరుగా నీళ్లలోకి తీసుకెళ్లగలిగిన ఆ కెమెరా 2001 దాకా కొనసాగింది. 1960లో జాన్ సెవర్సన్ స్థాపించిన సర్ఫర్ పత్రిక ఫోటోగ్రాఫర్లకు స్థిరమైన ఆదాయ వనరైంది. లెరాయ్ గ్రానిస్ వంటివారు ఆ కాలంలోనే పేరు పొందారు. జార్జ్ గ్రీనో విరిగే కెరటం లోపలి గుల్లలోంచి తీసిన దృశ్యాలు ఈ కళను మరో మెట్టు ఎక్కించాయి.

ఆ పత్రికల ఆధారం ఎక్కువ కాలం నిలవలేదు. సర్ఫింగ్ అనే మరో పెద్ద పత్రిక 2017లో, సర్ఫర్ 2020లో మూతపడ్డాయి. అప్పటికి కొందరు వేరే దారి చూసుకున్నారు. హవాయికి చెందిన క్లార్క్ లిటిల్ 2007లో పడకగది గోడకు ఒక చిత్రం కావాలని భార్య కోరడంతో కెమెరా పట్టి, ఒడ్డున విరిగే కెరటం లోపలి దృశ్యాలతో ప్రసిద్ధుడయ్యాడు. ఆయన జీవనాధారం పత్రికలు కావు, తన గ్యాలరీలో అమ్మే పెద్ద ప్రింట్లు.

2020 టోక్యో క్రీడల నుంచి సర్ఫింగ్ ఒలింపిక్స్‌లో భాగమైంది. 2024 జులై 29న తాహితీ ద్వీపంలోని తియాహుపో వద్ద బ్రెజిల్ సర్ఫర్ గాబ్రియెల్ మెడీనా కెరటం దాటి గాలిలో నిటారుగా నిలిచినట్టు కనబడే చిత్రాన్ని ఏఎఫ్‌పీ ఫోటోగ్రాఫర్ జెరోమ్ బ్రూయె తీశాడు. వేలు ఎత్తి నిలిచిన క్రీడాకారుడు, పక్కనే అదే కోణంలో నిలిచిన పలక ఆ చిత్రంలో కనిపిస్తాయి. అది పడవలోంచి తీసింది. క్రీడాకారుడు కెరటాన్ని వీడి ఎప్పుడు పైకి లేస్తాడో ముందే ఊహించి సిద్ధంగా ఉండడంతోనే అది చిక్కింది.

తెలుగు నేలపై నేపథ్యం

తెలుగు ప్రాంతంలో వృత్తి ఫోటోగ్రఫీకి పునాది వేసినవారిలో ముందు చెప్పుకోవలసింది రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన 1886లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచి నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా పనిచేశాడు. ఒకే సంస్థ కింద రాజవంశ చిత్తరువులు, కట్టడాలు, సైనిక విన్యాసాలు, కరువు సహాయ పనులు అన్నీ చిత్రించడం ఆయన పనితీరు. బహుముఖ వృత్తికి ఇక్కడి తొలి ఆనవాలు అదే.

20వ శతాబ్దంలో చిన్న పట్టణాల స్టూడియోలు పెళ్లిళ్లు, పాస్‌పోర్ట్ ఫోటోల మీద నడిచాయి. ఈనాడు పత్రిక 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండల స్థాయి వార్తకూ ఫోటో కావలసి వచ్చింది. విలేకరులతో పాటు చాలా ఊళ్లలో స్టూడియో నడిపేవారే పత్రికలకు ఫోటోలు అందించారు. వరద, కరువు, జాతర, రాజకీయ సభ అన్నీ వారే తీశారు. త్వరగా స్పందించడం, పది నిమిషాల్లో ఒక మంచి చిత్రం పంపడం అనే అలవాటు ఆ తరం నుంచే వచ్చింది. సముద్రపు పనికి అది అక్కరకొచ్చే శిక్షణ.

జమ్మలమడుగు: గండికోట లోయ

జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఎర్రమల కొండలను కోస్తూ పెన్నా చేసిన లోయ గండికోట. కొండల మధ్య నది చేసుకున్న సందును గండి అంటారు. ఆ గండి ఒడ్డున కట్టిన కోట గనుక ఊరికి ఆ పేరు వచ్చింది. లోయ గోడల ఎత్తు సుమారు 300 అడుగులు. 1123లో కాకరాజు ఇక్కడ తొలి కోట కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. తరువాత పెమ్మసాని నాయకుల కాలంలో అది ప్రాబల్యం పొందింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. మాధవరాయస్వామి ఆలయం, రంగనాథాలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు కోటలోని ముఖ్య కట్టడాలు.

లోయ అంచుల్లో పొరలుపొరలుగా కనిపించే ఎర్రటి రాయి క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతపు ఊళ్ల పేర్లనే శిలాస్తరాలకు పెట్టారు. కడప శిలాసమూహంలో పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్ అని రెండు స్తరాలు ఉన్నాయి. విలియం కింగ్ 1872లో ప్రచురించిన కడప, కర్నూలు శిలల నివేదిక ఈ అధ్యయనానికి మూలం. ఈ పరిచయం ఫోటోగ్రాఫర్‌కు ఎందుకంటే, నిట్టనిలువు చీలికలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిస్తే ఏ గంటకు ఏ గోడ మీద నీడ పడుతుందో లెక్క కట్టగలడు.

లోయలో నీటిమట్టం సహజంగా ఉండేదానికంటే వేరుగా మారుతూ ఉంటుంది. ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. గాలేరు–నగరి సుజల స్రవంతి ద్వారా శ్రీశైలం నుంచి కృష్ణా నీరు అవుకు మీదుగా గండికోటకు చేరుతుంది. నీటి విడుదలను బట్టి లోయ ఒకనాడు పచ్చని అద్దంలా, మరోనాడు రాళ్లు తేలిన సన్నటి పాయగా కనబడుతుంది. ఒకే చోట ఒకే కోణం నుంచి ఏడాది పొడవునా తీసిన వరుస ఫోటోలకు ఇక్కడ ఉన్న విలువ చాలా చోట్ల ఉండదు. నీటిపారుదల చరిత్రకూ, పర్యాటక శాఖకూ, పత్రికలకూ అవి పనికొస్తాయి.

జలాశయం నిండాక కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపులో పోయాయి. నీటి అందాన్ని మాత్రమే చూపి, ఆ నీటి కింద ఉన్న గడపలను చూపకపోతే లోయ చిత్రం సగమే అవుతుంది. గుళ్లు, రచ్చబండలు, బడులు మునగక ముందు తీసిన ఫోటోలు ఇప్పుడు పత్రాలతో సమానం.

సినిమా చిత్రీకరణలకూ గండికోట పరిచితమే. రాజమౌళి దర్శకత్వం వహించిన మర్యాద రామన్న (2010), శంకర్ తీసిన భారతీయుడు 2 చిత్రాల్లో కొన్ని భాగాలు ఇక్కడ తీశారు. పెళ్లికి ముందు జంటలను చిత్రించే ప్రీ వెడ్డింగ్ షూట్లు ఇక్కడ సాధారణమయ్యాయి. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వం గండికోట పర్యాటక అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. లోయ అంచున రక్షణ కంచె లేని చోట్లు ఉన్నాయి గనుక జంటలను, సహాయకులను అంచుకు దూరంగా ఉంచడం ఫోటోగ్రాఫర్ తొలి బాధ్యత.

ప్రొద్దుటూరు

బంగారం, పత్తి వ్యాపారాల వల్ల ప్రొద్దుటూరును రెండో ముంబై అని పిలుస్తారు. ఇక్కడ ఫోటోగ్రఫీకి రెండు రకాల గిరాకీ ఉంది. ఒకటి నగల చిత్రాలు. మెరిసే లోహం మీద కాంతి చెదరకుండా, ప్రతి రాయి అంచు తెలిసేలా తీయడం ఓపిక కోరే పని. మెరిసే ఉపరితలం మీద కాంతిని అదుపు చేయడం నేర్చినవాడికి ఎండలో తళుక్కుమనే నీటి ఉపరితలమూ అదే సమస్య. రెండూ చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా తిప్పి చూపుతాయి, రెండింటికీ కాంతి వచ్చే కోణమే కీలకం.

రెండోది పండుగలు. వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయమైన అమ్మవారిశాలలో జరిగే దసరా ఉత్సవాలు ప్రాంతమంతటా ప్రసిద్ధి. కిక్కిరిసిన జనం, రాత్రి వెలుగు, కదిలే ఊరేగింపు మధ్య ఫోకస్ తప్పకుండా తీయగలగడం కెరటం ముందు నిలబడడానికి ఏమాత్రం తీసిపోని పరీక్ష.

పులివెందుల

పులివెందుల ప్రాంతంలో చిత్రావతి, పాపఘ్ని నదులు ఉన్నాయి. రెండూ పెన్నాకు ఉపనదులు. లింగాల మండలం పార్నపల్లె వద్ద ఉన్న చిత్రావతి సమతుల్య జలాశయం 10 టీఎంసీల సామర్థ్యం కలది. గండికోట నుంచి ఎత్తిపోతల ద్వారా ఇక్కడికీ నీరు చేరుతుంది. అంటే కృష్ణా నీరు శ్రీశైలం నుంచి జమ్మలమడుగు మీదుగా పులివెందుల దాకా వస్తోంది. ఈ నీటి ప్రయాణాన్ని ఒకే చిత్ర వరుసగా కూర్చవచ్చు. వేంపల్లె సమీపంలో పాపఘ్ని కొండను చీల్చుకున్న చోట గండి ఆంజనేయస్వామి క్షేత్రం ఉంది. అక్కడ శ్రావణ శనివారాల్లో ఉత్సవాలు జరుగుతాయి. చీనీ, అరటి తోటలు విస్తారంగా ఉన్నందున వ్యవసాయ చిత్రాలకు, డ్రోన్ సర్వేలకు ఈ ప్రాంతంలో అవకాశం ఉంది.

తీరం: ఎక్కడికి వెళ్లాలి

కడప ప్రాంతానికి దగ్గరి సముద్రం నెల్లూరు జిల్లాది. సోమశిల జలాశయం దాటాక పెన్నా మైదానంలో పరుచుకుని ఊటుకూరు దగ్గర సముద్రంలో చేరుతుంది. నది సముద్రంలో కలిసే చోటును తీరప్రాంతం వారు మొగ అంటారు. వరద తరువాత మొగ దగ్గర నీరు బురద రంగులో ఉంటుంది. నీటిలోకి దిగి తీసే పనికి అది పనికిరాదు కానీ, గోధుమ రంగు నదీజలం నీలి సముద్రంలో కలిసే గీతను పైనుంచి చూపడానికి అదే సరైన సమయం. మైపాడు తీరంలో మత్స్యకారుల పడవలు, వలలు, తెల్లవారుజామున పడవను నీటిలోకి నెట్టే పని ప్రధాన విషయాలు.

పులికాట్ సరస్సుకు శీతకాలంలో రాజహంసలు వస్తాయి. దానికి దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టి గుడ్లు పొదుగుతాయి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలను చూసేందుకు 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది. సముద్రం మీదుగా ఎగిసే రాకెట్ వెలుగుదారిని దీర్ఘ ఎక్స్‌పోజర్‌తో పట్టడం తీర ఫోటోగ్రాఫర్లకు ప్రత్యేక విభాగం.

విశాఖపట్నంలోని రుషికొండ తీరం 2020లో పరిశుభ్రమైన తీరాలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. అక్కడ సర్ఫింగ్, డైవింగ్ నేర్చుకునే అవకాశం ఉంది. మంగమారిపేట దగ్గర సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం ఫోటోగ్రాఫర్లకు ఇష్టమైన విషయం. అయితే దేశంలో సర్ఫింగ్ ఎక్కువగా సాగేది ఆంధ్రకు అవతలే. 2004లో కర్ణాటకలోని ముల్కిలో జాక్ హెబ్నర్ స్థాపించిన సర్ఫింగ్ ఆశ్రమం భారతీయ సర్ఫింగ్‌కు తొలి పాఠశాల వంటిది. తమిళనాడులోని కోవలం మత్స్యకార గ్రామంలో మూర్తి మేఘవన్ చొరవతో స్థానిక యువకులు ఈ క్రీడలోకి వచ్చారు. 2025 ఆగస్టులో మహాబలిపురంలో జరిగిన ఆసియా సర్ఫింగ్ పోటీల్లో రమేశ్ బుదిహాల్ కాంస్యం గెలిచి, వ్యక్తిగత విభాగంలో ఆ పతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. మహాబలిపురం, కోవలం రెండూ చెన్నైకి సమీపంలోనే ఉన్నాయి గనుక రాయలసీమ వారికి విశాఖ కంటే ఇవే దగ్గర.

కెరటం, కాంతి: పనిచేసే విధానం

ఎక్కడో దూరాన తుపాను గాలి పుట్టించిన అల, ఒడ్డుకు చేరేలోపు సమానమైన లయకు వస్తుంది. ఒక అలకూ తరువాతి అలకూ మధ్య 10 సెకన్ల వ్యవధి ఉంటే, లోతు సముద్రంలో దాని పొడవు సుమారు 156 మీటర్లు, వేగం గంటకు దాదాపు 56 కిలోమీటర్లు. లోతు తగ్గిన కొద్దీ అల నెమ్మదించి ఎత్తు పెరుగుతుంది. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు చేరగానే అది విరుగుతుంది. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతు చోట విరుగుతుందన్నమాట. దీన్నిబట్టే ఫోటోగ్రాఫర్ ఎక్కడ నిలవాలో నిర్ణయించుకుంటాడు. అలలు గుంపులుగా వస్తాయి. గుంపు దాటాక కొంత విరామం ఉంటుంది. లోపలికి వెళ్లేది, బయటికి వచ్చేది ఆ విరామంలోనే.

హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, అల ఎత్తు, వ్యవధి, గాలి అంచనాలను రోజూ విడుదల చేస్తుంది. ఉవ్వెత్తున అలలు వచ్చే రోజులకు హెచ్చరికలూ ఇస్తుంది. తీరానికి చాలా దూరంలో ఉన్న ప్రొద్దుటూరు వంటి ఊరి ఫోటోగ్రాఫర్‌కు ప్రయాణం ఎప్పుడు పెట్టుకోవాలో నిర్ణయించేది ఆ అంచనాలే.

బంగాళాఖాతం తీరం తూర్పు ముఖం. సూర్యోదయ వేళ ఒడ్డు నుంచి చూస్తే సూర్యుడు అల వెనుక ఉంటాడు. సన్నని అల అంచు గాజులా వెలుగుతుంది. సాయంత్రం వెలుగు ఫోటోగ్రాఫర్ వెనుక నుంచి వస్తుంది గనుక సర్ఫర్ ముఖం, అల రంగు స్పష్టంగా ఉంటాయి. ముల్కి వంటి పడమటి తీరంలో ఇది తలకిందులు. రెండు తీరాలూ చూసినవారికి తీరాన్ని బట్టి పని వేళలు మార్చుకోవలసిన అవసరం వెంటనే తెలుస్తుంది.

కదిలే నీటిని గడ్డకట్టినట్టు చూపాలంటే సెకనులో 1000 నుంచి 2000వ వంతు షటర్ వేగం కావాలి. కదలిక తెలిసేలా చారలుగా చూపాలంటే 8 నుంచి 30వ వంతు చాలు. గట్టు మీద నుంచి తీసేవారు 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ వాడతారు. నీళ్లలో దిగేవారు అల ముందు రెండు మూడు అడుగుల దూరంలో ఉంటారు గనుక వెడల్పు కోణపు లెన్స్ వాడతారు. కెమెరాను హౌసింగ్ అనే నీరు చొరని గట్టి పెట్టెలో బిగిస్తారు. దాని ముందు గాజు బల్లపరుపుగా ఉంటే నీటిలోని వస్తువులు మూడో వంతు పెద్దవిగా కనబడతాయి. అర్ధగోళాకారపు గాజైతే ఆ వక్రీభవన దోషం చాలావరకు తొలగుతుంది. అయిదారు మీటర్ల లోతుకే ఎరుపు రంగు మాయమవుతుంది. అందుకే లోతులో తీసేవారు కృత్రిమ వెలుగు వాడతారు.

ఉప్పునీరు సామాన్లకు శత్రువు. పని ముగిసిన గంటలోపు హౌసింగ్‌ను మంచినీళ్లలో నానబెట్టి, రబ్బరు వలయాలను తుడిచి, కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయాలి. ఒక్క ఇసుక రేణువు ఆ వలయం కింద ఇరుక్కున్నా నీరు లోపలికి వెళుతుంది. కొత్త హౌసింగ్‌ను కెమెరా లేకుండా, లోపల కాగితం ముక్క పెట్టి, ముందుగా తొట్టిలోనో నిశ్చల జలంలోనో పరీక్షించడం ఆనవాయితీ.

పంచాంగం, సముద్రం

ఆంధ్రలో ఫోటోగ్రాఫర్ ఆదాయానికి మూలం ముహూర్తాలు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్ల కాలం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. మూఢం వచ్చినా పని ఆగుతుంది. స్టూడియో యజమానులు సాధారణంగా ఈ ఖాళీలను నష్టంగా లెక్కిస్తారు. సముద్రం వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది.

ఆషాఢం సాధారణంగా జూన్, జులై నెలల్లో పడుతుంది. దక్షిణ సముద్రాల నుంచి వచ్చే బలమైన అలలు తూర్పు తీరానికి చేరే కాలం అదే. భాద్రపదంలోనూ అలలు ఉంటాయి. పుష్యమాసంలో పులికాట్‌లో పక్షులు ఉంటాయి, గండికోటలో చల్లని పగళ్ల వల్ల యాత్రికుల రాక పెరుగుతుంది. పెళ్లిళ్లు లేని మూడు నెలలూ నీటికి అనువైనవే. శ్రావణం మాత్రం ఇరుకున పెడుతుంది. 2025 ఆగస్టులో మహాబలిపురం పోటీలు శ్రావణమాసంలోనే జరిగాయి. ఒక పక్క ముహూర్తాలు, మరో పక్క ఆసియా స్థాయి క్రీడ. ఇలాంటప్పుడు ఏది వదలాలో ఏడాది ముందే నిర్ణయించుకుని పెళ్లివారికి చెప్పడం వృత్తి మర్యాద. ఒప్పుకున్న పెళ్లిని చివరి వారంలో వదిలితే పట్టణంలో పేరు నిలవదు.

వృత్తి శాఖలు, ఆదాయ మార్గాలు

ఈ వృత్తిలో ఆదాయం ఏ ఒక్క చోట నుంచీ నిలకడగా రాదు. పెళ్లి ఆల్బమ్, వీడియో పని నెలవారీ ఖర్చులు తీరుస్తుంది. నగలు, చీరల దుకాణాల కోసం తీసే చిత్రాలు పండుగలకు ముందు వస్తాయి. పర్యాటక శాఖ, హోటళ్లు, నీటిపారుదల గుత్తేదారులు ఏడాదిలో ఒకసారో రెండుసార్లో పిలుస్తారు. పత్రికల పారితోషికం తక్కువ కానీ పేరు తెస్తుంది. ఆన్‌లైన్ స్టాక్ సంస్థలకు అమ్మిన చిత్రానికి కొద్దిపాటి సొమ్ము చాలాకాలం వస్తూ ఉంటుంది. సర్ఫింగ్ పాఠశాలలు నేర్చుకునేవారికి అమ్మే ఫోటోలు, పలకల తయారీ సంస్థల ప్రకటనలు, పోటీల నిర్వాహకుల ఒప్పందాలు సముద్రం వైపు నుంచి వచ్చే ప్రధాన ఆదాయాలు.

గోడకు పెట్టుకునే పెద్ద ప్రింట్ల వ్యాపారాన్ని మన పట్టణాల్లో చాలామంది పట్టించుకోలేదు. గండికోట లోయ వరుస, మొగ దగ్గర పెన్నా, కోవలం అల అని ఒకే నది కథగా పరిమిత సంఖ్యలో అచ్చు వేసిన ప్రింట్లకు హోటళ్లలో, కార్యాలయాల్లో, ప్రవాసంలో స్థిరపడిన సీమవారి ఇళ్లలో చోటుంది. ఊరి ఏరు బొమ్మకు ఊరు విడిచిన వాడు ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది.

శిక్షణ, గుర్తింపు

హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీలో డిగ్రీ ఉంది. కడపలో 2020లో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1953లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫోటోగ్రఫీ గుర్తించే సలోన్ పోటీలు, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏపీ ఇచ్చే బిరుదులు చిన్న పట్టణాల నుంచి వచ్చేవారికి గుర్తింపు తెచ్చే మార్గాలు. సముద్రంలో దిగే పనికి మాత్రం వీటిలో ఏదీ చాలదు. ఈత, శ్వాస నియంత్రణ, ప్రాణరక్షణ శిక్షణ విడిగా పొందాలి. జలాశయంలో ఈత నేర్చినవారికి లోపలికి లాగే సముద్రపు నీటితో పరిచయం ఉండదని గుర్తుంచుకోవాలి.

చట్టపరమైన విషయాలు

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవారే దానికి కర్త. అయితే డబ్బు చెల్లించి తీయించుకున్న చిత్రాలకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే తొలి హక్కుదారులవుతారు. పెళ్లి చిత్రాలను పోటీలకో ప్రకటనలకో వాడాలనుకునేవారు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2012 సవరణ తరువాత ఫోటోలకూ కర్త జీవితకాలం, ఆపై 60 ఏళ్లు రక్షణ వర్తిస్తుంది.

2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో, 2 కిలోల లోపువి మైక్రో వర్గం. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. వ్యాపార పనికి మైక్రో డ్రోన్ నడిపేవారికి రిమోట్ పైలట్ ధ్రువపత్రం ఉండాలి. కోటలోని రక్షిత కట్టడాల మీద ఎగరవేయడానికి పురావస్తు శాఖ అనుమతి కావాలి. శ్రీహరికోట, విశాఖ నౌకాదళ పరిసరాల్లో ఆంక్షలు కఠినం. సేవల రంగంలో ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి.

భద్రత, వృత్తి ధర్మం

నీటిలో పనిచేసేవారు ఒంటరిగా దిగకూడదు. రెక్కల వంటి ఈత చెప్పులు, హెల్మెట్, కెమెరాను చేతికి కట్టే తాడు కనీస సామగ్రి. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది ప్రవాహం దాటాక ఒడ్డుకు రావాలి. విరిగే అల మీద సర్ఫర్ దారికి అడ్డంగా ఉంటే ఇద్దరికీ ప్రమాదమే. ఆ దారి ఎప్పుడూ సర్ఫర్‌దే.

పక్షుల గూళ్ల దగ్గరికి డ్రోన్ తీసుకెళ్లకూడదు. మత్స్యకారుల పని వేళ అడ్డు రాకూడదు. పడవ నీటిలోకి నెట్టేటప్పుడు భుజం వేయాలే తప్ప ఫోటో కోసం మళ్లీ నెట్టమని అడగకూడదు. 2021 నవంబరు 19న పెన్నా ఉపనది చెయ్యేరుకు వరద వచ్చి, దాని మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పలు ప్రాణాలు పోయాయి. అటువంటి వరదల్లో నీరు దృశ్యమయ్యే ముందు దుఃఖం అవుతుంది. సహాయ బృందాలకు దారి వదలడం, మృతదేహాల, ఏడుస్తున్నవారి ముఖాల చిత్రాలను అనుమతి లేకుండా బయట పెట్టకపోవడం, తీసిన చిత్రాలకు తేదీ, చోటు కచ్చితంగా రాసి జిల్లా యంత్రాంగానికి, పత్రికలకు అందించడం ఆ పరిస్థితిలో ఫోటోగ్రాఫర్ చేయగలిగిన మేలు. నీటిమట్టం గుర్తు కనబడే గోడ ఫోటో, తెగిన గట్టు కొలత తెలిసేలా మనిషి పక్కన నిలిచిన ఫోటో తరువాతి కాలంలో ఇంజనీర్లకు, నష్టపరిహారం లెక్కించేవారికి ఆధారమవుతాయి.